ముందు బాల్టీ సుక్కికి

"అమ్మమ్మా, మా అత్త అడుగుతున్నది. మీ ఇంట్ల ఆడోళ్లే ముందు తింటరట గదా, ఆ పద్ధతి ఏడికెల్లి వచ్చిందని."

ఏడికెల్లి వచ్చిందా? గుర్రాల తబేలా కాడికెల్లి వచ్చిందని చెప్పు మీ అత్తకు. నవ్వకు మేఘా, నిజమే చెప్తున్న. ఫోన్ల రికార్డు పెట్టినవా? నా మొహం రావొద్దు, మాట ఒక్కటే రానియ్యి. పళ్లు పెట్టుకోలేదు నేను.

ఇంకేమన్నది మీ అత్త? పూరా చెప్పు. పద్ధతి లేని ఇల్లన్నదా? అన్నది, నీ మొహం చూస్తేనే తెలుస్తున్నది. అననియ్యి. వర్లిల ఉండేటోళ్లకు మన కామాటిపుర అంటే ఎప్పుడూ ముక్కు మీద వేలే. టాక్సీ ఎక్కి ఈ గల్లీ పేరు చెప్తే సానికొంపల జాగ అని డ్రైవర్ అద్దంలకెల్లి ఓ సూపు సూస్తడు గదా, అచ్చం అట్లనే సూసింది మీ అత్త పెండ్లి మాటల నాడు. వాళ్ల తాతలు, మన తాతలు ఒక్క తీరుగనే రాళ్లు మోసిండ్రు ఈ బొంబాయికి. వాళ్లేదో మహలు కట్టుకోని దాంట్లనే పుట్టినట్టు మాట్లాడ్తరు. సరే, అది ఇడిసిపెట్టు. ఎల్లిపాయలు ఇటు ఇయ్యి, ఒలుచుకుంట చెప్త.

మీ తాత పోచయ్య రేసు గుర్రాల కాడ సైసు పని చేస్తుండె. సైసంటే తెలుసు గదా? గుర్రానికి తినపెట్టుడు, తోముడు, తిప్పుడు, అంత వాని మీదనే. ఇక్కడికెల్లి నడిసే పోతుండె రేసుకోర్సుకు. తెల్లారకముందే పోవాలె. బస్సు పైసలు మిగిలితే బీడీలకు అయితయని నడుస్తుండె, పానం మంచిగుంటదని అంటుండె మాకు.

నేను గూడ ఆడనే పనికి కుదురుకున్న. గుర్రం పనికి కాదు, ఆడదాన్ని గుర్రం దగ్గరికి ఎవడు రానిస్తడు. దాణా చెరిగే పని. జై గింజలు అని వస్తుండె బస్తాలల్ల. మీరు ఇప్పుడు డబ్బాలల్ల కొనుక్కోని పొద్దుగాల పాలల్ల ఏసుకోని తింటరే, ఓట్సు, అవే. గప్పుడు మాకు అది గుర్రాల తిండి. బస్తా ఇప్పితే దుమ్ము, పొట్టు, సన్న రాళ్లు. ఆ దుమ్ము లోపటికి పోతే గుర్రానికి దగ్గు పడుతది. అందుకని మమ్ముల నలుగురైదుగురు ఆడోళ్లను పెట్టుకున్నరు, చాటలు పట్టుకోని కూసోని చెరగాలె. జై, జొన్నలు... కాదు కాదు, జొన్నలు యాడియి, జౌ. యవలు అంటరు గదా, అవి. శనగలు. మల్ల అవిసె గింజలు ఉడకబెట్టి జిగటగ చేసి కలుపుతుండ్రి, వెంట్రుక మెరుస్తదని. పచ్చగడ్డి ఒకటి వస్తుండె, మరాఠోళ్లు లసూణ్ ఘాస్ అంటరు, అంటే ఎల్లిపాయ గడ్డి. ఎల్లిపాయ వాసన వస్తదేమో అని నేను మొదటి దినం ముక్కు కాడ పెట్టుకోని సూసిన. ఏం రాదు. ఉత్త పేరే.

మీ అమ్మ గప్పుడు చంటిపిల్ల. దాణా గోదాము మూలకు చీర కట్టి ఊయల ఏసిన. గుర్రాల సకిలింపులకే పండుకుంటుండె అది. ఇప్పుడేమో పక్కింట్ల మిక్సీ తిరిగినా నిద్ర పట్టదంటది!

ఏం చెప్తున్న... ఆ, సుక్కి. సుక్కి అని ఒక ఆడ గుర్రం ఉండె మీ తాత చేతి కింద. దాని అసలు పేరు ఏదో పెద్ద ఇంగ్లీషు పేరు, రేసు దినం మైకుల చదువుతరు గదా, అది. నోరు తిరగక ఎవ్వరం అనకపోతుంటిమి. నొసటి మీద తెల్ల మచ్చ ఉండె, అందుకని మీ తాత సుక్కి అని పిలుస్తుండె. బాదం పొట్టు రంగు. ఉరికితే గాలి. కాని ఏం లాభం, పెయ్యి, అదే ఒళ్లు, పట్టకపోతుండె. ఎంత తిండి పెట్టినా బొక్కలే. పక్కటెముకలు చాటకున్న పుల్లల లెక్క కనబడుతుండె. ఆ రేసు గుర్రాల జాతే అంత బిడ్డా, మామూలు టాంగా గుర్రం లెక్క కాదు. నెత్తురు వేడి, చర్మం పల్సన, తిన్నది తిన్నట్టే మండిపోతది. జర బెదిరినా, జర బుగులైనా తిండి మీద నుంచి మనసు పోతది.

మరి ఏం చేసిండ్రు అంటవా? అందరు అన్నీ చేసిండ్రు. ట్రైనర్ సాబ్ దాణా పెంచుమన్నడు. పెంచిండ్రు. అది ఇంకింత ఎగిరె గాని పెయ్యి పట్టలే. సగం దాణా తొట్లనే, పావురాలు తిని బలిసినయ్. డాక్టర్ సాబ్ వచ్చి దాని నోట్ల పండ్లు అరగదీసిండు, పురుగుల మందు తాగిపిచ్చిండు. మంచోడే ఆయన, మాతోని గూడ మాట్లాడుతుండె. గుర్రం కడుపు సిన్నది అవ్వా, మనిషి లెక్క కాదు, నోట్ల గడ్డి ఉన్నా లేకున్నా లోపట పులుపు ఊరుకుంటనే ఉంటది, ఖాళీగ పెడితే ఆ పులుపే పేగులను తింటది, జర్ర జర్రంత ఎక్కువసార్లు పెట్టాలె, ముందు గడ్డి ఎన్క దాణా పెట్టాలె, అని చెప్పిండు. మా అత్త, అంటే మీ తాత తల్లి, ఆమె ఏం చేసిందో తెలుసా? ఓ దినం నాతోని వచ్చి, నిమ్మకాయ ఎండు మిరపకాయలు తెచ్చి సుక్కికి దిష్టి తీసింది! ఆ మిరపకాయల పొగకు నాలుగు గుర్రాలు తుమ్మినయ్. జమేదారు మమ్ముల ఇద్దరిని గేటు దాక తిట్టుకుంట తోలిండు.

జమేదారు అంటే సైసులందరి మీద పెద్ద. ఆయన మాటనే మాట.

ఇంతల ట్రైనర్ సాబ్ ఒక మాట అన్నడు. హోలీ దాక సూస్త, గప్పటికి పెయ్యి పట్టకపోతే దీన్ని పూనాకు తీస్కపోను, అమ్మేస్త అని. వానకాలం గుర్రాలన్నిటిని పూనాకు తోల్కపోతుండ్రి, ఆడ రేసులు అయితుండె. అమ్మేస్త అంటే ఎవలికి? చౌపాటీల, సముద్రం ఒడ్డున, విక్టోరియా గుర్రబండ్లు ఉండె గదా, వెండిపూల లెక్క మెరుసుకుంట, పెండ్లైన జంటలు ఎక్కి తిరుగుతుండ్రి. వాళ్లకు. డాంబరు రోడ్డు మీద, ఎండల, గొంతు మీద తోలు పట్టీ. సుక్కి లాంటి సన్నకాళ్ల గుర్రం ఆ రోడ్డు మీద ఓ వానకాలం గూడ బతకదు. మీ తాతకు ఎరుక. పొద్దుమీకి రోజు దాని పక్కటెముకల మీద చెయ్యి పెట్టి సూసుకుంటుండె. చేతికి తగలాలె, కంటికి కనబడొద్దు, అది లెక్క. చేతికి తగలకపోతే బలిసినట్టు, కంటికి కనబడితే ఎండినట్టు. దినాం అట్ల నిమిరి సూసి నిట్టూర్పు ఇడుస్తుండె.

నా పక్కటెముకలు గూడ కనబడుతుండె బిడ్డా గప్పుడు. పాలు ఎండిపోతుండె, మీ అమ్మ ఎంత గుంజినా రాకపోతుండె. ఎవ్వడు చెయ్యి పెట్టి సూసిండు? సరే, ఇడువు.

ఇప్పుడు అసలు సంగతి విను. దాణా బాల్టీలు ఎట్ల పంచుతుండ్రో తెలుసా? దానికో మర్యాద ఉండె. ఏ గుర్రం గెలిచి వస్తదో దానికి ముందు బాల్టీ. దాని సైసు అందరికంటె ముందు నిలుసుంటడు. నవాబు అని ఒక మగ గుర్రం ఉండె, ఉరికిన ప్రతిసారి గెలుస్తుండె, దానికి మొదలు. ఎన్క రెండోది, ఎన్క మూడోది. అందరికంటె ఎన్క సుక్కి. మీ తాత ఆ లైన్ల ఆఖరికి నిలుసుంటుండె తల వంచుకోని. బాల్టీల బండి గడగడ గడగడ వస్తది ఆ కొస నుంచి ఈ కొస దాక, ప్రతి గుర్రం కాడ ఆగుతది. మగోళ్లందరు ఆ బండి ఎన్కనే ఉంటరు, ఎవని బాల్టీ కోసం వాడు.

నేను కూసునే జాగ సుక్కి కొట్టం ఎదురుంగ. నాకు కనబడుతుండె, వాళ్లకు కనబడకపోతుండె. అంతే తేడా, నాకేదో తెలివి ఎక్కువని కాదు. ఆ కొసకు బండి గడగడ అనంగనే సుక్కి చెవులు లేస్తయ్. తలుపు కాడికి వస్తది, మెడ ఇటు ఊపుతది అటు ఊపుతది. మల్ల లోపట గుండ్రంగ తిరుగుతది. తిరిగి తిరిగి చెమట పడుతది, నోట్ల నురుగు. గోడకు ఓ తన్ను. అవతల గుర్రాలు తింటున్న చప్పుడు ఇనబడుతది గదా, కరుకరు మని. బండి దాని కాడికి వచ్చేసరికి అది తడిసి ముద్ద. ఓ నోరు పెడుతది, ఇడిసిపెడుతది, పోయి తలుపు కాడ నిలబడుతది. మీ తాత వచ్చి సూస్తే ఏముంటది? తినని గుర్రం. ఆకలి లేని గుర్రం అనుకుంటుండె.

అరే, ఆకలి లేక కాదు! సూసి సూసి ఆకలి సచ్చిపోతుండె దానికి. అది నాకు ఎట్ల తెలిసిందని అడుగు. నేను దినాం పొయ్యి ముందట అట్లనే కూసుంటుంటి గదా. మామ తినాలె, మీ తాత తినాలె, ఇద్దరు మరుదులు తినాలె, వచ్చినోడెవడన్న ఉంటే వాడు తినాలె, ఎన్క మా అత్త, ఆఖరికి నేను. వేడి వేడి రొట్టె నా చేతులకెల్లి పోతుంటది, వాసన ముక్కుకు తగులుతుంటది. నా వంతు వచ్చేసరికి రొట్టె మీద మనసే పోతది, ఇన్ని నీళ్లు తాగి పండుకుంటుంటి. నర్సవ్వకు ఆకలి తక్కువ అంటుండ్రి ఇంట్ల. పేరు పెట్టిండ్రు నాకు, ఆకలి తక్కువదని!

మీ తాతకు చెప్పిన. సుక్కికి ముందు బాల్టీ ఇప్పియ్యి, సగం రోగం పోతదని. ఏమన్నడు? "చాట చెరుగుపో, గుర్రాల సంగతి నీకేం తెలుసు" అన్నడు. మల్లోసారి చెప్పిన. "ఓడిపోయినదానికి ముందు బాల్టీ ఎట్ల అడుగుత, నలుగురిల నా ఇజ్జత్ ఉండాల్నా వద్దా" అన్నడు. గుర్రం పోయినా మంచిదే, వరుస పోవద్దు. మగోళ్ల లెక్క అట్లుంటది.

ఇగ నోటితోని చెప్పి లాభం లేదనుకున్న. ఒక సోమవారం, రేసు లేని దినం, పొద్దుమీకక ముందే వంట చేసిన. మామ, మరుదులు ఏదో చావుకు కళ్యాణ్ పోయిండ్రు. ఎండు బొంబిలి చాపల కూర వండిన, చింతపండు ఏసి, గట్టిగ. మీ తాతకు పానం అది. జొన్నరొట్టెలు చేసిన. ఆయన కాళ్లు కడుక్కోని వచ్చి పీట మీద కూసున్నడు. నేను పళ్లెం తీసి నాకు పెట్టుకున్న. మీ పెద్దమ్మకు, అది నాలుగేండ్ల పిల్ల, దానికి పెట్టిన. కూసోని తినబట్టినం. మెల్లగ. గిన్నెలు కావాలని గల గల చప్పుడు చేసుకుంట.

"నాది?" అన్నడు.

"వస్తది, ఆగు" అన్న.

జర సేపు కూసున్నడు. నవ్విండు, ఏదో పరాచికం అనుకున్నడు. నేను ఇంకో రొట్టె తీసుకున్న. లేసిండు. తలుపు దాక పోయిండు. మల్ల పొయ్యి దాక వచ్చిండు. మన ఖోలి ఎంతున్నది, నాలుగు అడుగులు ఏస్తే గోడ. తలుపు కాడికి, పొయ్యి కాడికి. తలుపు కాడికి, పొయ్యి కాడికి. నేను బొంబిలి ముల్లు తీసుకుంట తింటనే ఉన్న. "ఏం తమాషా చేస్తున్నవే" అని అరిసిండు. చాళిల ఉన్న ఖోలీలన్నిటికి ఇనబడ్డది. పక్క ఖోలి మావశి తొంగి సూసింది. గప్పుడు లేసి పళ్లెం పెట్టి ముందటికి జరిపిన. కాలుతోని ఎన్కకు నెట్టిండు. "నాకొద్దు నీ కూడు" అన్నడు.

"ఆకలి సచ్చిందా?" అన్న.

"సచ్చింది!"

"గదే. సుక్కిది గూడ దినాం గట్లనే సస్తున్నది."

చెయ్యి లేపిండు. అంతకు ముందు కొట్టలేదా అంటే కొట్టిండు, నీకు అబద్ధం ఎందుకు చెప్పాలె. గోడకున్న ఫోటోల మంచిగనే కనబడతడు, దండ ఏసినం గూడ. కాని చెయ్యి ఎంత లేసేదో నాకు ఎరుక. ఆ దినం గూడ లేసింది. మూలకు మా అత్త కూసోని ఉండె. తిడుతది, శాపాలు పెడుతది అనుకున్న. ఆమె ఏం చేసిందంటే, తన పళ్లెం తీసి, ఉత్త పళ్లెం, నా ముందటికి సాపింది. "నాకు గూడ ఇంత ఎయ్యి, వేడిగున్నప్పుడే" అన్నది.

మీ తాత చెయ్యి అట్లనే ఆగింది. తల్లి తినబట్టింది. ఆయన సూస్తున్నడు. కొడుకు ఆకలితోని నిలబడి ఉండంగ ఆమె తినుడు ఆయన పుట్టిన కాంచి ఎన్నడు సూడలేదు గదా. గోడకు ఆనుకోని కింద కూసున్నడు. "నిజంగ బండి చప్పుడైనప్పటి నుంచే తిరుగుతదా అది?" అని అడిగిండు.

తెల్లారి పోయి జమేదారును అడిగిండు. అందరి ముందట. నవ్వుడే నవ్వుడు. "ఓడిన గుర్రానికి ముందు బాల్టీ, ఓడిన సైసుకు మూర ఏద్దామా" అన్నరు. మూర అంటే నెత్తికి పూలు. మీ తాత చెవులు ఎర్రగైనయ్ గాని జరగలే. "నేను ఆఖరుకే నిలుసుంట. వరుస మీదే. గుర్రానికి మాత్రం ముందు పడాలె" అన్నడు. జమేదారు ఆలోచన చేసిండు. నవాబు సైసు ఒప్పుకుంటలేడు, ఒక మగోడు నా ముందట బాల్టీ ఎత్తుడు ఉండొద్దు అంటున్నడు. గప్పుడు జమేదారు నా దిక్కు సూసిండు, చాట దిక్కు. "బాల్టీ ఆమె పెట్టని. ఆడామె పెడితే వరుస కిందికి రాదు. అది లెక్కల లేదు" అన్నడు.

అందరు సరే అన్నరు!

సూసినవా? నేను లెక్కల లేను కాబట్టి నాకు సందు దొరికింది. నాకు కోపం రాలేదా? వచ్చింది. కాని గుర్రం కావాల్నా, కోపం కావాల్నా? కోపం దాసిపెట్టుకున్న, ఇన్నేండ్లకు నీకు చెప్తున్న.

ఆ దినం నుంచి బండి కదలకముందే నేను లేసి, చప్పుడు చెయ్యకుంట, ముందు ఇంత ఎండుగడ్డి ఏస్తుంటి సుక్కికి. అది నములుకుంట సల్లబడుతది. ఎన్క జర్రంత దాణా. మల్ల మధ్యాన్నం జర్రంత, పొద్దుమీకి జర్రంత, డాక్టర్ సాబ్ చెప్పినట్టు. కొన్నొద్దులు ఏం తేడా కనబడలే. మీ తాత నిమిరి సూసుడు, నా దిక్కు సూసుడు. ఎన్క ఓ దినం బండి గడగడ అంటున్నది, సుక్కి తల గూడ ఎత్తలే. కరుకరు మని నములుకుంట ఉన్నది. ఆ చప్పుడు ఇనంగనే నా చేతిల చాట ఆగిపోయింది. చాట పక్కన పెట్టి మీ అమ్మకు పాలిచ్చుకుంట ఇన్న ఆ చప్పుడు. అవును, పాలు గూడ మల్ల వచ్చినయ్. ఇంట్ల మా అత్త ఆ సోమవారం తర్వాత ఆఖరుకు కూసోలే గదా. ఆమె పళ్లెం పట్టుకుంటే నా పళ్లెం గూడ పక్కన పెడుతుండె. మామ రెండు దినాలు అలిగిండు, మూడో దినం వండేటోళ్లే తింటుంటే అలిగి ఏం చేస్తడు.

హోలీకి ట్రైనర్ సాబ్ వచ్చి సుక్కి పక్కటెముకల మీద చెయ్యి పెట్టిండు. చేతికి తగిలినయ్, కంటికి కనబడలే. తల ఊపిండు. పూనాకు దీని పేరు రాయుండ్రి అన్నడు. మీ తాతకు కొత్త షర్టు ఇనాం ఇచ్చిండు. నాకేం ఇచ్చిండ్రు అనుకుంటున్నవా? నేను లెక్కల లేను గదా! ఆ షర్టు గూడ నేనే ఉతికిన.

గెలిచిందా అంటే పెద్దగ గెలవలే బిడ్డా. ఒకట్రెండుసార్లు ముందట వచ్చింది. ఎన్క ఫారానికి తోల్కపోయిండ్రు పిల్లలు పెట్టనీకి. విక్టోరియా బండికైతే పోలే. లారీ ఎక్కించే దినం నేను ఎండుగడ్డి కట్ట ఏసిన లోపట, ముందే. లారీ ఇంజను చప్పుడు చేసినా అది తినుకుంటనే పోయింది. మీ తాత ఎన్నడు నాకు మంచి పని చేసినవ్ అని చెప్పలే. కాని ఆ తర్వాత, పోయే దాక, తలుపు కాడ చెప్పులు ఇడుసుకుంట ఒకటే మాట అడుగుతుండె. "తిన్నరా?" అని. గంతే. ఎక్కువ అనుకో, తక్కువ అనుకో.

ఇటు రా. దగ్గరికి రా, ఎల్లిపాయ చేతులే, ఏం కాదు. చున్నీ తియ్యి... అరే, సిగ్గెందుకు, నేను కన్న బిడ్డ కడుపున పుట్టినదానివే గదా నువ్వు. ఇగో. ఇగో, ఇది పక్కటెముక, ఇది పక్కటెముక. పెండ్లి నాడు ఇవి కనబడలేదు మేఘా. ఎందరు మీ అత్తగారింట్ల? ఎనిమిది మందికి చపాతీలు నువ్వే కాలుస్తవ్. ఆఖరుకు తింటవ్. ఆకలి తక్కువ అంటున్నరా నిన్ను గూడ? అంటున్నరు గదా. ఏడవకు. ఏడిసే పని కాదు.

మీ అత్తను గూడ ఏమనకు. ఆమెను గూడ ఎవలో ఆఖరికి కూసోబెట్టిండ్రు, లేకుంటే ఆ మాట అడుగుతుండెనా నిన్ను? పోయి ఈ రికార్డు ఇనిపియ్యి ఆమెకు. మల్ల ఓ దినం వేడి రొట్టె ఒకటి నీ పళ్లెంల, ఒకటి ఆమె పళ్లెంల పెట్టి పక్కన కూసో. పళ్లెం ముందటికి సాపుతదో లేదో సూడు. సాపుతదనే నాకు అనిపిస్తది.

ఎవలది ఆ చప్పుడు? మీ మేనమామనా? అన్నమైందా అంటున్నడా? ఆగుమను, ఇంకా కాలేదను. అయింది, కాని ఆగుమను. పళ్లెం తెచ్చుకో బిడ్డా. ఆ కూర మూత తియ్యి, ఆవిరి పోకముందే. నీ కడుపు సల్లగ ఉండని, నీ చెయ్యి ముందు నీ నోటికి అందని... ఆ ఫోన్ అవతల పెట్టు. తిను ముందు.